సీవీ రామన్: చెవినీ కంటినీ నమ్ముకుని సాగిన జీవితం

ఏటా ఫిబ్రవరి 28న దేశమంతా జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకుంటుంది. బడుల్లో సీవీ రామన్ ఫొటోకు దండ వేస్తారు. 1928లో ఆయన కనిపెట్టిన కాంతి ఫలితం గురించి నాలుగు మాటలు చెబుతారు. కానీ అదే రామన్ తన జీవితంలో చివరి పదేళ్లు ఏ ప్రశ్నకు కేటాయించారో ఆ సభల్లో దాదాపుగా వినిపించదు. మనిషి కంటికి రంగులు ఎలా తెలుస్తాయన్నదే ఆ ప్రశ్న. దానికి జవాబుగా 80 ఏళ్ల వయసులో, 1968లో ఆయన ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. అందులోని ప్రధాన వాదన నిలబడదని అప్పటికే ప్రయోగశాలల్లో తేలిపోయింది.

ఇది ఒక మహానుభావుడి వృద్ధాప్యపు పొరపాటు అని పక్కన పెట్టేయవచ్చు. అయితే రామన్‌కు నోబెల్ తెచ్చిపెట్టిన పద్ధతీ, ఆయన్ను చివర్లో పక్కదారి పట్టించిన పద్ధతీ ఒకటే. తన చెవి ఏం విన్నదో, తన కన్ను ఏం చూసిందో దాన్నే మొదటి సాక్ష్యంగా తీసుకోవడం ఆ పద్ధతి. అది మృదంగం దగ్గర పనిచేసింది, సముద్రం దగ్గర పనిచేసింది. కన్ను తన గురించి తానే సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం పనిచేయలేదు.

విశాఖలో చదువు, చేతికందిన పుస్తకం

చంద్రశేఖర వెంకటరామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గరి తిరువానైక్కావల్‌లో పుట్టారు. ఆయనకు నాలుగేళ్ల వయసులో తండ్రి చంద్రశేఖర రామనాథన్ అయ్యర్‌కు విశాఖపట్నంలోని ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఆ తండ్రి ఇంట్లో వయొలిన్ వాయించేవారు. రామన్ బాల్యమంతా విశాఖ తీరంలోనే గడిచింది. సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్, 13 ఏళ్లకే ఎఫ్ఏ పూర్తి చేశారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు.

కాలేజీ రోజుల్లో ఆయన చేతికి ఒక పుస్తకం దొరికింది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మాన్ హెల్మ్‌హోల్ట్జ్ స్వరాల అనుభూతి గురించి 1863లో రాసిన గ్రంథానికి ఇంగ్లిష్ అనువాదం అది. తన ఆలోచనను మలిచిన మూడు పుస్తకాల్లో అదొకటని రామన్ తర్వాతి కాలంలో రాసుకున్నారు. మిగతా రెండు యూక్లిడ్ జ్యామితి, ఎడ్విన్ ఆర్నాల్డ్ రాసిన బుద్ధ చరిత్ర.

హెల్మ్‌హోల్ట్జ్ వైద్యుడు, భౌతికశాస్త్రవేత్త కూడా. ఒక స్వరం చెవిలో పడితే అందులో కలిసి ఉన్న కంపనాలను లోపలి చెవి విడదీస్తుందని ఆయన వివరించారు. సంగీతం ఎందుకు ఇంపుగా ఉంటుందన్న ప్రశ్నకు భౌతికశాస్త్రంతో జవాబు చెప్పవచ్చని ఆ పుస్తకం రామన్‌కు చూపింది. ఇదే హెల్మ్‌హోల్ట్జ్ కన్ను గురించి కూడా అంతే పెద్ద పని చేశారు. రంగులను గుర్తించడానికి కంట్లో మూడు రకాల గ్రాహకాలు ఉంటాయన్న సిద్ధాంతం ఆయన పేరుతోనూ, అంతకు ముందే ఆ ఊహ చేసిన థామస్ యంగ్ పేరుతోనూ ప్రసిద్ధం. వినికిడి విషయంలో రామన్‌కు గురువులాంటి ఆయన చూపు విషయంలో ప్రత్యర్థి కావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

మృదంగం దగ్గర చెవి చెప్పింది నిజమే

1906లో, 18 ఏళ్ల వయసులో, రామన్ తొలి పరిశోధన పత్రం లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వచ్చింది. అయినా సైన్సును ఉద్యోగంగా చేసుకునే వీలు అప్పటి మన దేశంలో లేదు. ఇంగ్లండ్ వెళ్లడానికి ఆరోగ్యం సరిపోదని డాక్టరు తేల్చేశారు. 1907లో ఎంఏ ముగించి, ఆర్థిక శాఖ పరీక్ష రాసి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అదే ఏడాది లోకసుందరిని పెళ్లి చేసుకున్నారు. ఆమెకు వీణ వాయించడం వచ్చు.

కలకత్తా బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ బోర్డు ఆయన కంట పడింది. మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన ఆ సంస్థలో అప్పటికి పరిశోధన పెద్దగా సాగడం లేదు. పొద్దున్న ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత రామన్ అక్కడ పని చేసేవారు. యూనివర్సిటీ మెట్లెక్కని ఆశుతోష్ డే ఆయనకు సహాయకుడు. 1917లో కలకత్తా యూనివర్సిటీ ఉపకులపతిగా పనిచేసిన ఆశుతోష్ ముఖర్జీ పిలుపుతో ప్రభుత్వ ఉద్యోగం వదిలి, చాలా తక్కువ జీతానికి పాలిత్ ప్రొఫెసర్ అయ్యారు.

ఆ తొలి ఏళ్లలో ఆయన ఎక్కువగా పని చేసింది వాద్యాల మీదే. వయొలిన్ తీగ మీద కమాను నడిచినప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి వయొలిన్‌ను తనంతట తాను వాయించే యంత్రాన్ని తయారు చేశారు. వీణ, తంబురాల మెట్ట ఎందుకు వంపుగా ఉంటుందో పరిశీలించారు. మృదంగం మీద చేసిన పని మాత్రం ప్రత్యేకం.

మామూలు చర్మ వాద్యం మోతలో సంగీతం తక్కువ. బిగించిన గుండ్రటి చర్మాన్ని కొడితే మూల స్వరంతో పాటు పుట్టే పై కంపనాలు దాదాపు 1.59, 2.14, 2.30 రెట్లు ఇలా ఎగుడుదిగుడుగా ఉంటాయి. తీగ అలా కాదు. దాని పై కంపనాలు 2, 3, 4, 5 రెట్లుగా వరసలో ఉంటాయి. ఆ వరస ఉంటేనే చెవికి అదొక స్వరంగా తోస్తుంది, లేకపోతే అది ఉత్త చప్పుడే. డోలు మోతను ఏ శ్రుతిలోదో చెప్పడం కష్టమవడానికి కారణం ఇదే.

కానీ మృదంగాన్ని శ్రుతి చేస్తారు. అది గాయకుడి షడ్జమంతో కలుస్తుంది. మన చెవికి ఎప్పటి నుంచో తెలిసిన ఈ విషయాన్ని రామన్ ప్రశ్నగా మార్చారు. కుడి ముఖం మధ్యలో నల్లగా కనిపించే కరణే కారణమని చూపారు. ఖనిజపు పొడిని అన్నంతో కలిపి నూరి, పొరలు పొరలుగా అద్దిన ఆ బరువు చర్మం కంపించే తీరును మార్చేస్తుంది. చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, వాయించిన ప్రతిసారీ ఇసుక ఏ గీతల్లో ఆగుతోందో గమనించారు. చర్మంలో వేర్వేరుగా ఉండాల్సిన తొమ్మిది కంపన రీతులు కలిసికట్టుగా ఐదు స్వరాల వరసలోకి సర్దుకుంటున్నాయని తేలింది. శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. 1930ల్లో మరింత వివరంగా రాశారు.

ఆ కరణను శతాబ్దాల పాటు తీర్చిదిద్దిన వాద్యకారులకు లెక్కలు తెలియవు. ఒక పొర అద్దడం, వినడం, గీకడం, మళ్లీ వినడం, ఇదే వాళ్ల పద్ధతి. వాళ్ల చెవి చెప్పింది అక్షరాలా నిజమని లెక్క చూపింది. వాద్యాల శబ్దశాస్త్రం గురించి 1927లో జర్మన్ భౌతికశాస్త్ర విజ్ఞాన సర్వస్వంలో అధ్యాయం రాసే పని రామన్‌కే దక్కింది.

నౌక మీద చేతిలో ఒక పట్టకం

1921లో బ్రిటిష్ సామ్రాజ్యంలోని యూనివర్సిటీల సమావేశానికి రామన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. తిరుగు ప్రయాణంలో నార్కుండా అనే ఓడ మీద మధ్యధరా సముద్రం దాటుతున్నప్పుడు నీళ్ల నీలం రంగు ఆయన్ను నిలవనీయలేదు. సముద్రం నీలంగా కనిపించడం ఆకాశం దానిలో ప్రతిబింబించడం వల్లేనని ఇంగ్లండ్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రాలీ చెప్పారు. అందరూ అదే నమ్మేవారు.

రామన్ దగ్గర నికోల్ పట్టకం ఉంది. ఒక తలంలో కంపించే కాంతిని మాత్రమే అది పోనిస్తుంది. నీటి ఉపరితలం మీద ఒక నిర్దిష్ట కోణంలో ప్రతిఫలించిన వెలుగును దానితో ఆపేయవచ్చు. ఓడ మీద నిలబడి ఆయన చేసింది అంతే. ఆకాశపు ప్రతిబింబాన్ని తీసేసి చూస్తే నీలం తగ్గకపోగా ఇంకా చిక్కగా కనిపించింది. అంటే ఆ రంగు నీటిలోనిదే. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయి. నేచర్ పత్రికకు ఆయన రాసిన లేఖ బొంబాయి రేవు నుంచి వెళ్లింది.

ఇక్కడ కన్ను నమ్మదగిన సాక్షి. అది చూస్తున్నది బయటి సముద్రాన్ని. చూపును తప్పుదోవ పట్టించేది ఒకటే ఉంది, అది నీటిపై మెరుపు. పట్టకం దాన్ని తొలగించింది.

చీకటికి అలవాటు పడ్డ కళ్లు

ద్రవాల్లో చెదిరే కాంతి మీద ఆ తర్వాత ఏడేళ్లు కలకత్తాలో పని సాగింది. 1923లో కేఆర్ రామనాథన్‌కు నీటిలో చెదిరిన కాంతితో పాటు వేరే రంగు మసకగా కనిపించింది. అది మలినాల వల్ల వచ్చిందనుకున్నారు. ఎంత శుద్ధి చేసినా అది పోలేదు. 1928 జనవరిలో ఎస్. వెంకటేశ్వరన్ గ్లిజరిన్‌లోనూ అలాంటి ఆకుపచ్చ ఛాయను చూశారు. ఫిబ్రవరిలో కేఎస్ కృష్ణన్ ఒకదాని తర్వాత ఒకటిగా చాలా ద్రవాల్లో దాన్ని పట్టుకున్నారు.

వాళ్ల దగ్గర ఉన్నది సూర్యకాంతి, దాన్ని ఒకచోట చేర్చే ఏడంగుళాల దూరదర్శిని కటకం, రెండు రంగుటద్దాలు, కళ్లు. ఒక అద్దం నీలి ఊదా వెలుగునే పోనిస్తుంది, రెండోది దాన్ని ఆపి పసుపు ఆకుపచ్చనే పోనిస్తుంది. రెండింటినీ వరసగా పెడితే చీకటే. మొదటి దాన్ని ద్రవానికి ముందు, రెండో దాన్ని కంటికి ముందు పెట్టినప్పుడు కూడా సన్నటి వెలుగు జాడ కనిపించిందంటే, ద్రవంలో కాంతి రంగు మారిందన్నమాటే.

అంత బలహీనమైన వెలుగు కనిపించాలంటే కన్ను ముందు చీకట్లో నానాలి. రెటీనాలో రంగులు పట్టే శంకు కణాలు సుమారు 60 లక్షలు ఉంటే, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు దాదాపు 12 కోట్లు. ఎండలో చూసి వచ్చాక దండ కణాల్లోని వర్ణకం తిరిగి పూర్తిగా నిండడానికి అరగంటకు పైనే పడుతుంది. అలా నిండిన కన్ను ఎంత సున్నితమో 1942లో అమెరికాలో హెక్ట్, ష్లేర్, పిరెన్ లెక్కగట్టారు. రెటీనా మీద ఐదు నుంచి ఏడు కాంతి కణాలు పడితే చాలు, మనిషి వెలుగు చూశానని చెప్పగలడు. అప్పట్లో అందుబాటులో ఉన్న సాధనాల్లో దీనికి సాటి వచ్చేవి అరుదు.

ఫిబ్రవరి 28న చిన్న స్పెక్ట్రోస్కోప్‌లోంచి చూసి, ఆ మారిన రంగు వేరే పట్టీగా విడిగా ఉందని రామన్ నిర్ధారించుకున్నారు. మర్నాడు పత్రికలకు చెప్పారు. తర్వాత పాదరసపు దీపంతో తీసిన ఫొటోలు దాన్ని గీతల రూపంలో నమోదు చేశాయి. 1930లో నోబెల్ వచ్చింది.

బెంగళూరు తోటలో కొత్త ప్రశ్న

1933లో రామన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తొలి భారతీయ డైరెక్టర్‌గా వెళ్లారు. అక్కడి తగాదాల మధ్య 1937లో ఆ పదవి వదిలి, 1948 దాకా ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించి చనిపోయేదాకా దానికి అధ్యక్షుడిగా కొనసాగారు. పదవీ విరమణ తర్వాత రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఆయన లోకమైంది. ప్రభుత్వ డబ్బు తీసుకుంటే లెక్కలు, నివేదికలు అడుగుతారని అది వద్దన్నారు. 1954లో భారతరత్న వచ్చింది.

సంస్థ ఆవరణలో గులాబీలు పెంచారు. వజ్రాలు, ముత్యాలు, సీతాకోకచిలుకలు, పక్షి ఈకలు పోగుచేశారు. వాటి రంగులు ఎలా పుడతాయన్న పరిశీలన క్రమంగా ఇంకో ప్రశ్నకు దారి తీసింది. రేకు మీద నుంచి వచ్చిన వెలుగు కంట్లో పడ్డాక రంగుగా ఎలా మారుతుంది?

1960ల్లో ఆయన చేసిన ముఖ్యమైన ప్రయోగం ఎవరైనా చేయగలిగినదే. బాగా వెలుతురు పడుతున్న తెల్లటి తెర వైపు ఒక రంగుటద్దంలోంచి కాసేపు రెప్ప వాల్చకుండా చూడాలి. చూపు కదల్చకుండా అద్దాన్ని చటుక్కున తీసేయాలి. ఒక్క క్షణం తెర మీద వేరే రంగులో ఒక ఆకారం మెరుస్తుంది. మధ్యలో ఒక మచ్చ, చుట్టూ వలయం కనిపిస్తాయి. అది తన రెటీనాయే పెద్దదై తెర మీద కనిపించడమని రామన్ నమ్మారు. వేర్వేరు అద్దాలతో వందల సార్లు చూసి, ఏ రంగుకు ఏ వర్ణకం స్పందిస్తుందో దాన్నిబట్టి తేల్చవచ్చనుకున్నారు.

ఆ పరిశీలనల నుంచి యంగ్, హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన మూడు గ్రాహకాల సిద్ధాంతం తప్పన్న నిర్ణయానికి వచ్చారు. ముఖ్యంగా పసుపు దగ్గర ఆయనకు అభ్యంతరం. మూడు గ్రాహకాల లెక్కలో పసుపు అనేది ఎరుపు, ఆకుపచ్చ గ్రాహకాలు కలిసి స్పందించడం వల్ల పుట్టేది. కానీ పసుపును చూస్తే అందులో ఎరుపూ కనిపించదు, ఆకుపచ్చా కనిపించదు. వర్ణపటంలో అది సన్నటి పట్టీయే అయినా కంటికి అన్నిటికన్నా కాంతివంతంగా తోస్తుంది. కాబట్టి పసుపు కూడా సొంతంగా నిలిచే మూల అనుభూతి అని ఆయన వాదించారు. కంట్లోని వర్ణకాల గురించి కూడా వేరే ప్రతిపాదన చేశారు. నీలం పట్టేది పసుపు రంగు కెరోటినాయిడ్ పదార్థమనీ, మిగతావి రక్తంలోని హీమ్ లాంటివనీ అన్నారు.

అదే సమయంలో అమెరికాలో

రామన్ తెర వైపు చూస్తున్న ఏళ్లలోనే వేరేవాళ్లు ఆ ప్రశ్నను కంటి బయటి నుంచి పట్టుకున్నారు. 1964లో అమెరికాలో రెండు బృందాలు మనుషులు, కోతుల రెటీనాల్లోని ఒక్కో శంకు కణం గుండా సన్నటి కాంతి పంపి, ఏ తరంగదైర్ఘ్యాన్ని అది ఎక్కువగా మింగుతోందో కొలిచాయి. జాన్స్ హాప్కిన్స్ నుంచి మార్క్స్, డోబెల్, మెక్‌నికల్, హార్వర్డ్ నుంచి బ్రౌన్, జార్జ్ వాల్డ్ ఈ పని చేశారు. కణాలు మూడు రకాలుగా విడిపోయాయి. నేటి లెక్కల ప్రకారం అవి సుమారు 420, 530, 560 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా స్పందిస్తాయి. మూడింట్లోనూ పనిచేసేది విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినాల్ అనే అణువే. కాంతి తగలగానే అది వంపు విప్పుకుని నిటారవుతుంది. ఆ చిన్న మార్పే నాడీ సంకేతానికి మొదలు. కంటి రసాయనశాస్త్రంలో చేసిన కృషికి వాల్డ్ 1967 నోబెల్‌ను పంచుకున్నారు. రామన్ పుస్తకం వెలువడింది ఆ మరుసటి ఏడాది.

మరి పసుపు సంగతేమిటి? రామన్ చూసింది అబద్ధం కాదు. జర్మన్ శాస్త్రవేత్త ఎవాల్డ్ హెరింగ్ 19వ శతాబ్దంలోనే ఇదే ఫిర్యాదు చేశారు. ఎరుపు కలిసిన ఆకుపచ్చను, పసుపు కలిసిన నీలాన్ని ఎవరూ ఊహించలేరని, ఇవి ఎదురెదురు జతలని అన్నారు. 1950ల తర్వాత చేపల రెటీనాల్లో, కోతుల మెదళ్లలో అలా ఎదురెదురుగా స్పందించే నాడీ కణాలు దొరికాయి. శంకు కణాలు మూడు రకాలే. అయితే వాటి సంకేతాలు మెదడుకు యథాతథంగా వెళ్లవు. రెటీనాలోని తర్వాతి పొరల్లోనే వాటిని ఒకదానితో ఒకటి కూడి, తీసివేసి, ఎరుపు-ఆకుపచ్చ, పసుపు-నీలం అనే జతలుగా మార్చే పని మొదలవుతుంది. కోట్ల కణాలు పట్టిన సమాచారం పది లక్షల పోగుల దృష్టి నాడిలో ఇమడాలంటే ఇలాంటి కుదింపు తప్పదు.

అంటే హెల్మ్‌హోల్ట్జ్ చెప్పింది మొదటి పొర గురించి, హెరింగ్ చెప్పింది తర్వాతి పొరల గురించి. రామన్ పసుపును చూసి అనుభవించింది ఆ ప్రక్రియ అంతా ముగిశాక మిగిలిన ఫలితాన్ని. దాన్నిబట్టి మొదటి పొరలో ఏముందో చెప్పబోయారు. ఈ వ్యాసం చదువుతున్న ఫోన్ తెరలో పసుపు దీపం ఒక్కటీ లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలే ఉన్నాయి. అయినా అందులో పసుపు కొమ్ము ఫొటో చూస్తే కంటికి అసలు పసుపే కనిపిస్తుంది, చుక్కల జాడ తెలియదు.

రంగుటద్దం ప్రయోగానికీ ఇలాంటి వివరణే ఉంది. అద్దం పోనిచ్చిన రంగుకు స్పందించే కణాలు అలసిపోతాయి. అద్దం తీయగానే మిగతా కణాల వాటా ఎక్కువై ఎదురు రంగు కనిపిస్తుంది. రెటీనా నడిమధ్యన సహజంగా ఉండే పసుపు వర్ణకం అక్కడికి చేరే నీలాన్ని వడకడుతుంది కాబట్టి ఆ చోటు వేరుగా తోస్తుంది. ఆయన చూసిన ఆకారంలో రెటీనా నిర్మాణం ఛాయ నిజంగానే ఉంది. కానీ ఏ వర్ణకం ఏ కణంలో ఉందో అది చెప్పదు.

ఎదురు చెప్పేవారు లేని చోట

మృదంగం దగ్గర చెవి ఏదైనా చెబితే దాన్ని ఇసుక సరిచూసింది. సముద్రం దగ్గర కంటిని పట్టకం సరిచూసింది. 1928లో చూపును ఫొటో ప్లేటు సరిచూసింది. 1960ల్లో మాత్రం పరీక్షించే సాధనమూ, పరీక్షకు నిలిచిన వస్తువూ ఒకే మనిషి కళ్లు. పైగా అవి 70 ఏళ్లు దాటిన కళ్లు. వయసుతో పాటు కంటి కటకం పసుపు బారి నీలాన్ని కొంత అడ్డుకోవడం అందరిలో జరిగేదే.

మనుషులూ ఆయన్ను సరిచూసే స్థితిలో లేరు. కలకత్తాలో ఆయన చుట్టూ రామనాథన్, కృష్ణన్, వెంకటేశ్వరన్ లాంటివారు ఉండేవారు. వాళ్లు చూసింది ఆయన ఒప్పుకోవాలి, ఆయన చూసింది వాళ్లకు కనిపించాలి. బెంగళూరులో ఆయన సంస్థ ఆయనదే, అకాడమీకి అధ్యక్షుడూ ఆయనే. చూపు మీద రాసిన పత్రాలు, పుస్తకం అక్కడే అచ్చయ్యాయి. దృష్టి శాస్త్రం అప్పటికే సూక్ష్మ విద్యుత్ కొలతలు, జీవ రసాయనశాస్త్రం వైపు వెళ్లిపోయింది. ఆ రంగంలోనివారు రామన్ పుస్తకాన్ని ఖండించడానికి కూడా పూనుకోలేదు. దాదాపు పట్టించుకోలేదు.

ఒక దేశం తన శాస్త్రవేత్తను ఎంత గౌరవించాలి అన్నదాంట్లో ఎదురు ప్రశ్న వేయడం కూడా ఒక భాగమే. రామన్ స్వయంగా రాలీని అలాగే గౌరవించారు. ఆయన చివరి దశలో ఆయనకు ఆ గౌరవం దక్కలేదు.

మళ్లీ చెవి దగ్గరికి

ఏటా అక్టోబరు 2న తన సంస్థలో గాంధీ స్మారకోపన్యాసం ఇవ్వడం రామన్‌కు అలవాటు. 1970లో ఆ రోజున ఆయన ఎంచుకున్న విషయం వినికిడి, లోపలి చెవిలోని కాక్లియా. కాలేజీ రోజుల్లో హెల్మ్‌హోల్ట్జ్ పుస్తకం తెరిచిన కుర్రాడు 81 ఏళ్ల వయసులో అదే ప్రశ్న దగ్గరికి తిరిగి వచ్చారు. అదే ఆయన చివరి ఉపన్యాసం. నవంబరు 21న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం సంస్థ ఆవరణలోనే దహనం చేసి, ఆ చోట సమాధి కట్టకుండా ఒక చెట్టు నాటారు.

రెటీనా మధ్యలోని పసుపు వర్ణకం కథ మాత్రం అక్కడితో ఆగలేదు. అది రంగును పట్టే పదార్థం కాదని, లోపలి కణాలకు ఎక్కువ నీలం వెలుగు తగలకుండా అడ్డుకునే పొర అని ఇప్పుడు తెలుసు. వయసు మళ్లినవారి చూపును దెబ్బతీసే మాక్యులా జబ్బు మీద పని చేసేవారికి అది ఎంత ఉందో కొలవడం అవసరమైంది. అమెరికాలోని యూటా పరిశోధకులు బతికున్న మనిషి కంట్లోకి బలహీనమైన లేజర్ కాంతి పంపి, వెనక్కి వచ్చే వెలుగులో రంగు ఎంత మారిందో చూసి దాన్ని కొలిచారు. 1928లో కలకత్తాలో దొరికిన రామన్ ఫలితంతోనే వాళ్లు ఆ పని చేశారు.